దగ్గరికి దాన్నే రానివ్వండి

కుక్కను తెచ్చుకున్న కొత్తలో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "ఎంత బుద్ధిమంతురాలో! అరవదు, కరవదు, పెట్టిన చోటి నుంచి కదలదు." వీధి నుంచో షెల్టర్ నుంచో తెచ్చిన కుక్క గురించి ఈ మాట వింటే నాకు దిగులేస్తుంది. మంచం కింద గోడకు అతుక్కుపోయి, తోక పొట్ట కిందికి ముడుచుకుని, రాత్రి అందరూ పడుకున్నాకే లేచి నీళ్లు తాగే కుక్క బుద్ధిగా ఉన్నట్టు కాదు, భయంతో బిగుసుకుపోయినట్టు. ఈ తేడా తెలియని ఇళ్ల నుంచే నెల తిరక్కుండా "బాగానే ఉండేది, ఉన్నట్టుండి కరిచింది" అంటూ కుక్కలు షెల్టర్‌కు తిరిగొస్తుంటాయి.

కుక్క ఉన్నట్టుండి కరవడం చాలా అరుదు. చెప్పాల్సింది ఒంటితో ముందే చెబుతుంది. ఎదురుగా తిండి లేకపోయినా నాలుకతో మూతి తడుముకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది గానీ చూపు మన మీదే ఉంటుంది, అందుకే కంటి అంచున తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. ముందు కాలొకటి గాల్లోకి లేస్తుంది. అప్పటిదాకా వగర్చిన నోరు టక్కున మూసుకుంటుంది. నార్వేకు చెందిన శిక్షకురాలు ట్యూరిడ్ రుగాస్ ఇలాంటి సైగలను ఏళ్ల తరబడి గమనించి, పుస్తకంగా రాసి లోకానికి పరిచయం చేశారు. వీటిని ఎవరూ పట్టించుకోకపోతే ఆఖరున గుర్రుమంటుంది. ఆ గుర్రును కొట్టి మాన్పిస్తే భయం ఎక్కడికీ పోదు. పోయేది హెచ్చరిక మాత్రమే.

"పాపం, ఎవరో బాగా కొట్టి ఉంటారు" అని పిరికి కుక్కను చూసిన ప్రతివాళ్లూ అంటారు. ఒక్కోసారి నిజమే. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం 364 వీధి కుక్కపిల్లలను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వాటిలో ఈడుకొచ్చేదాకా బతికినవి 19 శాతమే. చావుల్లో 63 శాతం మనుషుల ప్రమేయంతో జరిగినవే. అలాంటి చోట పుట్టిన కుక్క మనిషిని చూసి జడుసుకుంటే దాన్ని తప్పుపట్టలేం. అయితే ఒక్క దెబ్బ తినని కుక్క కూడా భయపడుతుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఎన్నో కుక్కపిల్లలను పెంచి గమనించారు. 1965లో వచ్చిన వారి పుస్తకం చెప్పే ముఖ్యమైన సంగతి ఇది: దాదాపు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసిన మనుషులూ, విన్న చప్పుళ్లూ కుక్కపిల్లకు మామూలైపోతాయి. ఆ గడువు దాటాక ఎదురయ్యే ప్రతి కొత్తదాన్నీ అనుమానంగానే చూస్తుంది. వీధిలో పెరిగిన కుక్కకు ఆటో హారను, ఆర్టీసీ బస్సు లెక్కలోకి రావు. దానికి కొత్తవల్లా నెత్తి మీద తిరిగే ఫ్యాను, దానంతటదే తెరుచుకునే లిఫ్టు తలుపు, కాలు జారే టైల్స్ నేల. దాని చెవి కొన కత్తిరించినట్టు ఉందంటే సంతాన నిరోధక ఆపరేషన్ అయిందని గుర్తు. అంటే వలలో పట్టుకోవడం, వ్యాను, బోను అన్నీ అది చూసే ఉంటుంది. మెడలో తాడు పడబోతే వణకడానికి అదే కారణం కావచ్చు.

1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ చేసిన ప్రయోగం మనసుకు కష్టం కలిగించేదే అయినా ఇక్కడ చెప్పక తప్పదు. రెండు జట్ల కుక్కలకు సమానంగా కరెంటు షాకులు ఇచ్చారు. ఒక జట్టు తలతో పలకను నొక్కి షాకును ఆపుకోగలదు. రెండో జట్టు ఏం చేసినా ఆగదు. తర్వాత రెండింటినీ పొట్టి అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టి మళ్లీ షాకు ఇస్తే, మొదటి జట్టు గోడ దూకి తప్పించుకుంది. రెండో జట్టులో చాలా కుక్కలు మూలుగుతూ అక్కడే పడి ఉన్నాయి. దాదాపు 50 ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ వివరణను సరిదిద్దుకున్నారు. దిక్కుతోచక పడి ఉండటం ఆ కుక్కలు నేర్చుకున్నది కాదు, ఆగని కష్టానికి ప్రాణి సహజంగా స్పందించే తీరే అది. నేర్చుకోవలసింది "ఇది నా చేతిలో ఉంది" అన్న నమ్మకం. కొత్త ఇంట్లో భయంతో ముడుచుకున్న కుక్కకు మనం ఇవ్వాల్సింది కూడా ఆ నమ్మకమే. ముద్దులు, బొమ్మలు, మెత్తటి పరుపు అన్నీ దాని తర్వాతే.

ముందుగా దానికంటూ ఒక మూల చూడండి. వంటింటికీ వీధి తలుపుకీ దూరంగా, రెండు వైపులా గోడ ఉండి, మనుషుల రాకపోకలు తక్కువ ఉండే చోటైతే మంచిది. అక్కడి నుంచి నీళ్ల గిన్నె దాకా పాత గోనెసంచులు పరిస్తే కాలు జారదు. నేల జారుతోందన్న ఒక్క కారణంతోనే మూల వదిలి రాని కుక్కలున్నాయి. ఆ మూలలోకి ఎవరూ చెయ్యి పెట్టకూడదు, మంచం కింద నుంచి బయటికి లాగకూడదు. పిల్లలకు, పనమ్మకు, చూడ్డానికి వచ్చే చుట్టాలకు ఈ సంగతి ముందే చెప్పాలి.

తర్వాత అదే గదిలో నేల మీద, దానికి పక్కగా తిరిగి కూర్చోండి. పేపరు చదువుకోండి. దాని కళ్లలోకి చూడకండి. ఎముకల్లేని ఉడికించిన చికెన్ ముక్కొకటి విసరండి, మీ వైపుకు కాదు, దాని వెనక్కి. ఎందుకంటారా? అరచేతిలో పెట్టి పిలిస్తే ఆకలిగా ఉన్న కుక్క వస్తుంది. కానీ ఎలా వస్తుందో చూడండి: వెనక కాళ్లు పారిపోవడానికి సిద్ధంగా వెనకే ఉండిపోతాయి, మెడ ఒక్కటీ సాగి ముందుకొస్తుంది. ముక్క నోట్లో పడగానే తను ఎంత దగ్గరికి వచ్చేసిందో తెలిసి హడలిపోతుంది. ముక్క వెనకపడితే తిండీ దక్కుతుంది, మీ నుంచి దూరమూ దక్కుతుంది. అది తిని, మరొకటి వస్తుందేమోనని తనంతట తానే మీ వైపు తిరుగుతుంది. ఆ తిరగడమే మనకు కావాల్సింది. రోజులు గడిచేకొద్దీ అది ఆగే చోటు మీకు దగ్గరవుతూ వస్తుంది.

ఒకరోజు వచ్చి మీ మోకాలు వాసన చూస్తుంది. అప్పుడు ఆత్రపడి తల నిమరబోకండి. తల మీదికి దిగే చెయ్యి కుక్కకు దాడిలాగే కనిపిస్తుంది. గడ్డం కిందో ఛాతీ మీదో మూడు క్షణాలు నిమిరి ఆపండి. ఒరిగితే మళ్లీ నిమరండి, మొహం తిప్పుకుంటే వదిలేయండి. ఈ స్పర్శ చిన్న విషయం కాదు. ఐసర్ బృందమే 2017లో ప్రచురించిన మరో అధ్యయనంలో, పదే పదే ఎదురైన కొత్త మనిషిని వీధి కుక్కలు నమ్మడానికి అదనంగా పెట్టిన తిండికన్నా నిమిరిన చెయ్యే ఎక్కువ పనిచేసింది.

చప్పుళ్ల సంగతి వేరు. మనకు వినిపించేది 20,000 హెర్ట్జ్ దాకా, కుక్కకు దాదాపు 45,000 దాకా. కుక్కర్ విజిల్, మిక్సీ, కాలింగ్ బెల్ ఒకదాని వెంట ఒకటి వస్తే ఒక భయం చల్లారకముందే ఇంకోటి మీద పడుతుంది. అలాంటి రోజు కుక్క చిన్నదానికే పళ్లు చూపించవచ్చు. విజిల్ వచ్చిన ప్రతిసారీ వెంటనే చికెన్ ముక్క పడుతుంటే, కొన్ని వారాలకు విజిల్ వినగానే మీ వైపు చూస్తుంది. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటైపోతుందని కొందరు చెబుతారు, నమ్మకండి. భయం మారాం కాదు, ఓదారిస్తే పెరగడానికి. అది మీ పక్కన చేరితే చేరనివ్వండి.

తప్పించుకుపోయే ప్రమాదం మొదటి వారాల్లోనే ఎక్కువ. బెదిరిన కుక్క వెనక్కి గింజుకుంటే మెడ పట్టీ తల మీదుగా జారిపోతుంది. కాబట్టి ఛాతీ చుట్టూ బిగించే హార్నెస్ వాడండి. తొడిగే ముందు దాన్ని, తాడును కొన్నాళ్లు అన్నం గిన్నె పక్కనే పడేసి ఉంచండి. తెల్లవారుజామున, బండ్లు తిరగని వేళ, రోజూ ఒకే దారిన తిప్పండి. కొత్తలో పూటంతా మూత్రానికి వెళ్లని కుక్కలుంటాయి, కంగారు పడి తిట్టకండి.

కుక్క కుదుటపడటానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెబుతారు. అది ఉజ్జాయింపు మాత్రమే, ఏడాది పట్టే కుక్కలూ ఉన్నాయి. వారాలు గడిచినా సరిగా తినకపోతే, వణుకు తగ్గకపోతే పశువైద్యుడికి చూపించండి. నొప్పి కూడా భయంలాగే కనిపిస్తుంది. భయానికి మందులున్నాయి, వాడటం చిన్నతనం కాదు. అయితే మన ఇంట్లోని పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి సొంతంగా వేయడం ప్రాణాంతకం కావచ్చు. కూరల్లోని ఉల్లి, వెల్లుల్లి, పాయసంలోని ఎండుద్రాక్ష కూడా దానికి పడవు. రేబిస్ టీకా వేయించడం మరిచిపోకండి. పన్ను గీసుకున్నా సరే, సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

దత్తత తీసుకోవాలని ఉంటే ఒక్క మనవి. వినాయక నిమజ్జనం డప్పులు, దీపావళి టపాసులు వెళ్లిపోయాక, ఇంట్లో ఒకరికైనా నాలుగు రోజులు సెలవు దొరికినప్పుడు తెచ్చుకోండి. పండగకు వారం ముందు తేవాలనిపిస్తే ఆగండి. ఆ వారంలో షెల్టర్‌కు వెళ్లి, మీకు నచ్చిన కుక్క బోను ముందు పక్కకు తిరిగి కూర్చుని, పేపరు చదువుకుని రండి. మీ వాసన దానికి అప్పుడే తెలుస్తుంది.