బండ్ల వరుసలో వేగధారణ



షిఫ్టు మారే వేళ రాజీవ్ రహదారిపై గోదావరిఖని చౌరస్తాలో ఒకసారి నిలబడి చూడుడు. బొగ్గు లారీలు, విద్యుత్కేంద్రపు బూడిద లారీలు, నడుమ ఆర్టీసీ బస్సులు, ఆటోలు, గనికి పోవు కార్మికుల మోటారు సైకిళ్ళు ఒకదాని వెనుక ఒకటి ఆగి పొగ చిమ్ముచుండును. ఈ పొగ, దుమ్ము వలన దగ్గు, ఆయాసము కలుగునని అందరికీ తెలిసినదే. ఆ వరుసలో కూర్చున్నవారికి తెలియకుండ వచ్చు రోగము మరొకటి కలదు.

నలుబది యేండ్ల టిప్పరు డ్రైవరు ఒకడు మూత్రములో మంటయని నావద్దకు వచ్చినాడు. పల్లేరుకాయల కషాయమిచ్చితిని, తగ్గినది. నెల తిరుగకముందే మరల వచ్చినాడు. మూడవసారి వచ్చినప్పుడు గాని, రోజంతా ఎట్లు గడుపునో అడుగవలెనని నాకు తోచలేదు. ఔషధమునకు ముందు నిదానము అడుగుమని గురుకులములో మా గురువుగారు ఎన్నిమార్లు చెప్పిరో! తప్పు నాదే.

“లైన్లకెళ్లి బయటికొస్తె నంబరు పోతది అయ్యగారూ. ట్రిప్పు పోతె పైసలు పోతయి. అందుకే దినమంత నీళ్లే తాగ” అన్నాడు.

ఇదియే వేగధారణ. వేగమనగా ఇచ్చట వడి కాదు, శరీరము తనంతట తాను పుట్టించు ప్రేరణ. మలమూత్రములు, తుమ్ము, ఆకలి, దప్పిక, నిద్ర మొదలగు పదమూడు వేగములను ఆపరాదని చరకుడు సూత్రస్థానము ఏడవ అధ్యాయమున చెప్పెను. మూత్రవేగమును ఆపినచో అశ్మరి, అనగా రాయి, పొత్తికడుపు నొప్పి కలుగునని వాగ్భటుని మతము. నీరు తక్కువైన మూత్రము చిక్కబడి రాళ్ళు పుట్టునని నేటి వైద్యులును అంగీకరింతురు. బస్సులో ఊరూరికి పోయి పాఠములు చెప్పు ఉపాధ్యాయినులు ఉదయము నుండి గ్రుక్కెడు నీరైనను త్రాగరు. వారి బాధ మరింత ఎక్కువ, చెప్పుకొనుటయు తక్కువ.

ఇక ధననష్టము. భారీ వాహనము కదలక ఇంజను నడుపుచు నిలిచినచో గంటకు రెండు మూడు లీటర్ల డీజిలు వృథాయగును. గనికి ఆలస్యముగా చేరిన కార్మికునికి మస్టరు పడదు. దీనికి మందుల ఖర్చు కలిపి నెలాఖరున గృహిణి పద్దు చూచుకొన్నచో, రహదారి ఎంత తిన్నదో తెలియును.

నేనా డ్రైవరుకు చెప్పినది ఇంతే. వరుసలో చేరకముందే మూత్రవిసర్జన చేయవలెను. నీళ్ళ సీసా బండిలో ఉంచుకొని గంటకు కొంచెముగా త్రాగవలెను. ఒక చెంచా ధనియాలు నలగగొట్టి రాత్రి గ్లాసు నీటిలో నానవేసి, ఉదయము వడగట్టి, కొంచెము పటికబెల్లముతో సేవించవలెను. మధుమేహులు పటికబెల్లము మానవలెను. గుండె, మూత్రపిండముల జబ్బు గలవారు నీటి మోతాదును తమ వైద్యుని అడుగవలెను. అతడు ఒక ట్రిప్పు తగ్గినను సరేయని ఆచరించినాడు. మూడు నెలలుగా మంట లేదు.

దుమ్ములో తిరుగువారు ఇల్లు చేరగానే గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించవలెను. బెల్లము తిన్నచో ఊపిరితిత్తులలోని బొగ్గు దిగిపోవునని మన బస్తీలలో నమ్మకము. నేనట్లు చెప్పజాలను. బెల్లము పోవునది కడుపులోనికి, పొగ పోవునది ఊపిరితిత్తులలోనికి. డీజిలు పొగ క్యాన్సరు కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగము నిర్ధారించినది. దానిని కడిగివేయు మూలిక నా పెట్టెలో లేదు. కనుక ఆగిన లారీ వెనుకనే బండి నిలుపక ఎడముగా నిలుపుడు, మీ ఇంజను ఆపుడు, వీలైనచో షిఫ్టు వేళకు అరగంట ముందే బయలుదేరుడు. ఆయాసమునకు పీల్చుమందు వాడువారు నా మాట విని దానిని మానరాదు.

చలిజ్వరముతో నడుము నొప్పి వచ్చినను, మూత్రములో రక్తము కనబడినను, మూత్రము బిగిసినను కషాయములతో కాలము గడుపక ఆనాడే ఆసుపత్రికి పోవలెను.