చర్మం చెప్పే మద్యం సంగతి



వేసవిలో కొత్త మట్టికుండలో నీళ్లు పోసి ఉంచితే కాసేపటికి కుండ పైభాగం చెమర్చడం మీరు చూసే ఉంటారు. కుండకు ఎక్కడా చిల్లు ఉండదు. అయినా లోపలి నీరు సన్నని రంధ్రాల గుండా నెమ్మదిగా బయటికి వస్తుంది. మన చర్మం కూడా కొంతవరకు ఇలాంటిదే. మనిషి తాగిన మద్యంలో కొద్ది భాగం చర్మం గుండా వెలుపలికి వస్తుంది. దాన్ని పసిగట్టే పట్టీలు, కడియాల గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

మద్యంలో మత్తు కలిగించే పదార్థం ఇథైల్ ఆల్కహాల్. ఇది నీటిలో సులభంగా కలిసిపోతుంది. కడుపు, చిన్నప్రేగుల నుంచి రక్తంలో చేరి శరీరమంతటా వ్యాపిస్తుంది. ఇందులో 90 శాతానికి పైగా కాలేయంలోనే విచ్ఛిన్నమవుతుంది. మిగిలినది శ్వాస, మూత్రం, చెమట ద్వారా పోతుంది. చర్మం వాటా సుమారు 1 శాతం మాత్రమే. చెమట పట్టినట్లు మనకు తెలియకపోయినా చర్మం నుంచి తేమ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిలో ఆల్కహాల్ కూడా ఉంటుంది.

ఇంత స్వల్ప పరిమాణాన్ని ఎలా కొలుస్తారు? ఇందుకు రెండు ముఖ్యమైన పద్ధతులు ఉన్నాయి.

మొదటిది ఇంధన ఘటం. చర్మం నుంచి వచ్చిన ఆవిరి ప్లాటినం ఎలక్ట్రోడును తాకినప్పుడు అందులోని ఆల్కహాల్ ఆక్సీకరణం చెంది ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. వెనిగర్‌కు పుల్లదనాన్నిచ్చేది ఈ ఆమ్లమే. ఈ మార్పులో ఎలక్ట్రాన్లు విడుదలై విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆల్కహాల్ ఎంత ఎక్కువైతే విద్యుత్తు అంత ఎక్కువ. అమెరికాలో 2003లో వాడుకలోకి వచ్చిన ‘స్క్రామ్’ అనే కాలి కడియం ఈ సూత్రంపైనే పనిచేస్తుంది. మద్యం ముట్టరాదని న్యాయస్థానం షరతు పెట్టిన వారికి దీన్ని తొడుగుతారు. అది సుమారు అరగంటకు ఒకసారి కొలత తీసుకుంటుంది.

రెండవది ఎంజైము పద్ధతి. 2016లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు పచ్చబొట్టులా చర్మానికి అంటుకునే పట్టీని రూపొందించారు. అందులోని జెల్ నుంచి పైలోకార్పైన్ అనే మందు స్వల్ప విద్యుత్తు సహాయంతో చర్మంలోకి వెళ్లి, అక్కడ చెమట పట్టిస్తుంది. ఆల్కహాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చెమటలోని ఆల్కహాల్‌తో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఏర్పరుస్తుంది. ఎలక్ట్రోడు దాన్ని కొలిచి ఫలితాన్ని సెల్‌ఫోనుకు పంపుతుంది.

ఇక్కడ రెండు విషయాలు జాగ్రత్తగా గమనించండి.

మొదటిది ఆలస్యం. కుండలో నీళ్లు పోయగానే బయట తడి కనిపించదు కదా! అలాగే ఆవిరిని కొలిచే కడియం రక్తం కంటే వెనుకబడి ఉంటుంది. ఈ తేడా అరగంట కావచ్చు, రెండు గంటలకు మించవచ్చు. చర్మం మందం, చెమట, తాగిన మోతాదును బట్టి ఇది మారుతుంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిన ఆల్కహాల్‌తో బండి నడపడం నేరం. రోడ్డుమీద ఆ క్షణపు స్థితి తెలియాలి. అందుకే అక్కడ శ్వాస పరీక్షే తగినది. రోజుల తరబడి తాగారా లేదా అని గమనించడానికి కడియం తగినది.

రెండవది బయటి ఆల్కహాల్. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌లో, అత్తరు స్ప్రేలలో కూడా ఆల్కహాల్ ఉంటుంది. వాటి ఆవిరి తగిలితే కొలత ఒక్కసారిగా పైకి లేచి, త్వరగా పడిపోతుంది. తాగినప్పుడు మాత్రం రేఖ నెమ్మదిగా పెరిగి, గంటల తరబడి నెమ్మదిగా తగ్గుతుంది. కాబట్టి ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకూడదు, మొత్తం రేఖను చూడాలి. ఆసుపత్రిలో రోజంతా శానిటైజర్ వాడే నర్సు తాగలేదని నిరూపించుకోవలసి వస్తే, ఆమెను కాపాడేది ఈ తేడాయే.

తాగుడు మానాలని ప్రయత్నించే వ్యక్తికి ఈ పట్టీ తన స్థితిని తెలిపే తోడు కాగలదు. తొందరపడి చదివితే అదే అతనిపై తప్పుడు సాక్ష్యం కాగలదు. పరికరం కొలుస్తుంది. ఆ కొలతకు అర్థం చెప్పవలసినది మనిషే.

ఆలోచించండి: తాగిన పది నిమిషాలకే కాలి కడియం ‘సున్నా’ చూపితే, ఆ వ్యక్తి బండి నడపవచ్చా? ఎందుకు?