బొమ్మ రోబోకు వజ్రపు పరీక్ష
సేకరణ మార్కెట్టులో విలువ నిర్ణయించేదేమిటి?

డుమస్ (సూరత్): నల్లని ఇసుకకు పేరు పొందిన డుమస్ సముద్రతీరానికి సమీపంలో, ఖజోద్ వద్ద 2023 డిసెంబరు 17న సూరత్ డైమండ్ బోర్స్ ప్రారంభమైంది. వజ్రాల వ్యాపారుల కోసం 4 వేలకు పైగా కార్యాలయాలతో నిర్మించిన భవనమిది. రాయిని చూచి ధర చెప్పడం సూరత్‌కు వెన్నతో పెట్టిన విద్య. బరువు, రంగు, స్వచ్ఛత, కోత అనే నాలుగు గుణాలను పరీక్షించిన తర్వాతే ఇక్కడ బేరం మొదలవుతుంది. పిల్లల ఆటవస్తువుగా పుట్టి, నేడు పెద్దల సేకరణ వస్తువుగా మారిన రోబో బొమ్మకు కూడా దాదాపు ఇటువంటి పరీక్షే అవసరమవుతున్నది.

ఈ బొమ్మలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి ‘ట్రాన్స్‌ఫార్మర్స్’. జపాను కంపెనీ టకారా తయారు చేసిన డయాక్లోన్, మైక్రో ఛేంజ్ అనే రెండు వరుసల బొమ్మలను తీసుకుని, అమెరికా కంపెనీ హాస్‌బ్రో 1984లో ఈ పేరుతో విడుదల చేసింది. లారీగా, విమానంగా, తుపాకిగా కనిపించే వస్తువును విప్పి మడిస్తే రోబోగా మారడం వీటి ప్రత్యేకత. 2007 నుండి వెలువడిన హాలీవుడ్ చిత్రాల ద్వారా మన ప్రేక్షకులకు కూడా ఇవి పరిచయమే. వీటి నాయకుడైన ‘ఆప్టిమస్ ప్రైమ్’ 1984 నాటి బొమ్మ, పెట్టె తెరవని స్థితిలో ఉంటే, విదేశీ వేలాలలో వేల డాలర్లు పలుకుతున్నది. అదే బొమ్మ చేతులు విరిగి అటక మీద దొరికితే ఆ ధరలో స్వల్ప భాగం కూడా రాదు.

అసలా, నకిలీయా?

మొదటి పరీక్ష బొమ్మ పుట్టుకకు సంబంధించినది. శరీరంపై కంపెనీ పేరు, దేశం, సంవత్సరం అచ్చుపోసి ఉంటాయి. కొత్తవారు పొరబడేది ఇక్కడే. ఆ సంవత్సరం సాధారణంగా నమూనాపై హక్కు పొందిన సంవత్సరమే తప్ప ఆ బొమ్మ తయారైన సంవత్సరం కానక్కరలేదు. ఒకే అచ్చుతో అనేక ఏళ్లపాటు బొమ్మలు తయారు కావచ్చు.

నకిలీల బెడద కొత్తది కాదు. దానిని అరికట్టేందుకు 1985 నుండి హాస్‌బ్రో తన బొమ్మలపై ఒక చిన్న చదరపు స్టిక్కరును అంటించింది. వేలితో రుద్దితే ఆ వేడికి అందులో రోబో ముఖం కనిపిస్తుంది. అయితే 1984 నాటి తొలి బొమ్మలపై ఈ స్టిక్కరు ఉండదు. కనుక స్టిక్కరు లేనంత మాత్రాన నకిలీ అని తీర్మానించరాదు. ఉన్నంత మాత్రాన అసలని నమ్మనూ రాదు. నేటి నకిలీదారులు పెట్టెతో సహా అన్నింటినీ అనుకరిస్తున్నారు.

భాగాలు, స్థితి, పెట్టె

రెండవ పరీక్ష సంపూర్ణత. ఆప్టిమస్ ప్రైమ్‌నే తీసుకుంటే పిడికిళ్లు, తుపాకి, క్షిపణులు, ట్రైలరు, దానిలో ఇమిడే ‘రోలర్’ అనే చిన్న వాహనం అన్నీ ఉండాలి. పిల్లల చేతిలో మొదట పోయేవి ఈ చిన్న భాగాలే. అందుచేతనే అవి విడిగానూ అమ్ముడుపోతాయి.

మూడవది స్థితి. తెల్లని ప్లాస్టిక్ ఎండకు, కాలానికి పసుపు రంగుకు తిరుగుతుంది. కీళ్లు వదులవుతాయి. మెరుగుపూత చెరిగిపోతుంది. 1980 దశకం చివర, ఆ తర్వాత కొంతకాలం వాడిన ఒక రకం బంగారు రంగు ప్లాస్టిక్ పెట్టెలో భద్రంగా ఉన్నా పెళుసెక్కి, తాకగానే ముక్కలవుతుంది. ఎంత జాగ్రత్త పడినా నివారించలేని నష్టమిది.

నాలుగవది పెట్టె. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్లు, కొన్ని సందర్భాలలో బొమ్మ కంటే అట్టపెట్టెకే గిరాకీ ఎక్కువ. అమెరికాలో యాక్షన్ ఫిగర్ అథారిటీ వంటి సంస్థలు బొమ్మను, పెట్టెను పరీక్షించి, నూటికి ఇన్ని మార్కులని నిర్ణయించి, పారదర్శకమైన గట్టి డబ్బాలో బంధించి ఇస్తాయి. వజ్రానికి ప్రయోగశాల ఇచ్చే ధ్రువపత్రం వంటిదే ఇది.

సూరత్ నేర్పే పాఠం

అన్ని పరీక్షలూ నెగ్గిన బొమ్మకైనా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. ప్రయోగశాలలో వజ్రాలను తయారు చేయడంలో సూరత్ పేరు పొందింది. 2023 జూన్‌లో ప్రధాని నరేంద్ర మోదీ అమెరికా అధ్యక్షుని సతీమణికి బహూకరించిన 7.5 క్యారట్ల వజ్రం అటువంటిదే. ఉత్పత్తి పెరిగిన కొద్దీ ఆ వజ్రాల ధరలు బాగా పడిపోయాయి. అరుదుగా ఉన్నంతకాలమే ధర ఉంటుందన్నది అందులోని నీతి.

బొమ్మల విషయంలోనూ ఇదే సూత్రం. ఆప్టిమస్ ప్రైమ్‌ను టకారా 2000లో, హాస్‌బ్రో 2002లో తిరిగి విడుదల చేశాయి. అమెరికా విడుదలలో భద్రతా నిబంధనల రీత్యా లారీ పొగగొట్టాలను కురచ చేశారు. ఆ తేడా తెలియని కొనుగోలుదారు కొత్తదానికి పాతదాని ధర చెల్లించే ప్రమాదమున్నది.

మన దేశపు బొమ్మలు

భారతదేశంలో తయారైన బొమ్మలకూ ఈ మార్కెట్టులో స్థానమున్నది. ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి నెలకొల్పిన ఫన్‌స్కూల్ 1987లో ఉత్పత్తి రంగంలో అడుగుపెట్టింది. ఆ సంస్థ ఇక్కడ తయారు చేసిన ‘జీ.ఐ. జో’ సైనికులు రోబోలు కాకపోయినా ఇదే కోవకు చెందినవి. అమెరికా బొమ్మలకు లేని రంగులతో వెలువడినందున విదేశీ సేకర్తలు వీటిని వెదకి కొంటున్నారు. మనవారు చవకగా వదిలించుకున్న బొమ్మ అక్కడ అపురూపమైంది.

విదేశాల నుండి తెప్పించుకునేవారు అక్కడి ధరనే లెక్కించుకుంటే చాలదు. ఆటబొమ్మలపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది. రవాణా ఖర్చు వీటికి అదనం.

వజ్రాన్ని కొన్నవాడు నష్టానికైనా అమ్ముకోవడానికి సూరత్‌లో బజారున్నది. బొమ్మ రోబోకు మన ఊళ్లలో అటువంటి బజారు లేదు. కొనేవాడు దొరికినప్పుడే దానికి ధర. అమ్మకందారు అడిగిన మొత్తాన్ని గాక, అటువంటి బొమ్మ వాస్తవంగా అమ్ముడుపోయిన మొత్తాన్నే ప్రమాణంగా తీసుకోవాలి. ముచ్చటకు కొనదలచినవారు నిరభ్యంతరంగా కొనవచ్చు. కాని పిల్లల చదువుకో, పెండ్లికో దాచిన సొమ్మును ఇందులో పెట్టడం వివేకం కాదు. ఇంట్లోని పాత బొమ్మను పారవేసే ముందు మాత్రం ఒకసారి తిరగవేసి, దానిపై ఏ పేరున్నదో చూడడం మంచిది.