పాత కార్ల గట్టిదనం – కొత్త కార్ల భద్రత : కొన్ని వాస్తవాలు

(ప్రత్యేక వ్యాసం)

పాత కార్లు మందపాటి ఇనుప రేకుతో తయారైనవి కనుక ప్రమాదంలో ప్రాణాలు కాపాడతాయని, నేటి కార్లు తగిలితేనే నలిగిపోతాయని ప్రజలలో బలమైన అభిప్రాయం ఉన్నది. పాత కారు కొనదలచిన కుటుంబాలపై ఈ నమ్మకం ప్రభావం చూపుతున్నందున దీనిని పరిశీలించవలసి ఉన్నది.

2009లో అమెరికాలో బీమా కంపెనీలు నెలకొల్పిన రహదారి భద్రతా సంస్థ 1959 నాటి షెవ్రొలె బెల్ ఎయిర్‌ను, 2009 నాటి షెవ్రొలె మాలిబూను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించి చూసింది. బెల్ ఎయిర్‌లో చోదకుడు కూర్చునే భాగమే కుప్పకూలింది. మాలిబూ ముందు భాగం నుజ్జయినప్పటికీ లోపలి భాగం దాదాపు చెక్కుచెదరలేదు. ముందు భాగం నలగడం లోపం కాదు. ఢీకొన్న శక్తిని అది తానే హరించుకొని మనిషి వరకు రానీయకుండా చేసిన నిర్మాణం.

ప్రభుత్వ కార్యాలయాలకు చిరపరిచితమైన అంబాసిడర్ బ్రిటన్ దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా రూపొందినది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీని తయారీ 2014లో నిలిచిపోయింది. ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేయగలగడం దాని గొప్పతనం. అయితే కార్బురేటరు, ఇగ్నిషన్ పాయింట్లకు తరచు సర్దుబాటు అవసరమయ్యేది. నేటి ఇంజన్లను ఎలక్ట్రానిక్ యంత్రాంగం నియంత్రిస్తున్నందున దారిలో ఆగిపోవడం తక్కువ. ఆగితే మాత్రం స్కానర్ లేనిదే లోపం తెలియదు. బాగుచేయడం సులువు కావడం, చెడిపోకపోవడం రెండూ ఒకటి కావు.

కొత్తదైనంత మాత్రాన ప్రతి కారూ సురక్షితమని కాదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించిన భారతీయ చిన్నకార్లు అయిదింటికి, ఎయిర్‌బ్యాగులు లేని రకాలలో, పెద్దల రక్షణకు ఒక్క స్టార్ కూడా రాలేదు. వాటిలో ఒకటైన పోలో రెండు ఎయిర్‌బ్యాగులతో 4 స్టార్లు పొందింది. కనుక తయారైన సంవత్సరం ముఖ్యం. ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుండి, చోదకుని ఎయిర్‌బ్యాగు అదే ఏడాది జూలై నుండి, పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు 2022 జనవరి నుండి అన్ని కొత్త కార్లకు తప్పనిసరి అయినవి. చట్టబద్ధమైన ముందువైపు ఢీ పరీక్ష గంటకు 56 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. 2023 అక్టోబరులో ప్రారంభమైన, ఐచ్ఛికమైన భారత్ ఎన్‌క్యాప్‌లో అది 64 కిలోమీటర్లు. తేడా 8 కిలోమీటర్లే అయినా ఢీకొనే శక్తి సుమారు 30 శాతం అధికం.

15 సంవత్సరాలు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను తనిఖీ అనంతరం 5 సంవత్సరాలకు పునరుద్ధరిస్తారు. ఆ తనిఖీ బండి నడపడానికి యోగ్యమని మాత్రమే తెలుపుతుంది. లేని ఎయిర్‌బ్యాగును తెచ్చిపెట్టదు. తయారైన నెల, సంవత్సరం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటాయి. ప్రమాద వార్తలలో పాత్రికేయులు, నివేదికలలో అధికారులు ఈ వివరాన్ని, సీటు బెల్టు ధరించినదీ లేనిదీ పేర్కొనడం ఉపయుక్తం. వెనుక సీటులోని వారికీ బెల్టు నిబంధన వర్తిస్తుంది. ఉల్లంఘనకు జరిమానా రూ.1,000.