దగ్గు - తుమ్ము

గతవర్షము మధ్యాహ్న భోజనవేళ మన పాఠశాల వసారాలో ఒక చిన్నారికి పొలమారినది. ప్రక్కనున్న పెద్ద బాలిక "ఎవరో నిన్ను తలచుకొన్నారే" యని ఆమె నడినెత్తిపై తట్టినది. మన తమిళ సోదరుల యిండ్లలోను ఈ నమ్మకము కలదు. నాలుగైదుసార్లు గట్టిగా దగ్గగనే మెతుకు వెలికివచ్చి బిడ్డ తేరుకొన్నది. ఆ మెతుకును వెడలగొట్టినది తలచినవారును గాదు, తట్టిన చేయియు గాదు. అది యెవరి పనియో తల్లిదండ్రులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మెదడును వెన్నుపాముతో కలుపు భాగమును మెదడు కాండమందురు. అందు అట్టడుగుననున్నది మజ్జాముఖము. మనము నిద్రించుచున్నను శ్వాసను ఆగక నడపునది ఇదియే. పిల్లి, కుక్క మొదలగు స్తన్యజంతువులకును ఇట్టి యేర్పాటు కలదు. ఈ విషయములలో పెక్కింటిని శాస్త్రజ్ఞులు పిల్లులయందును, గినీ పందులయందును పరిశోధించియే గ్రహించిరి.

కంఠమునను, శ్వాసనాళమునను సూక్ష్మమైన నాడీకొనలు కావలి కాయుచుండును. మెతుకో, ధూళియో, పొగయో తగిలినంతనే ఆ వార్త వేగస్ నాడి ద్వారా మజ్జాముఖమును చేరును. అచటి నాడీకణములు నెమ్మదిగా సాగుచున్న శ్వాసను క్షణకాలము మార్చివేయును. మొదట గాలి లోనికి పీల్చబడును. పిదప కంఠద్వారము దాదాపు సెకనులో 5వ వంతు కాలము మూసికొనును. అంతలో పొట్ట కండరములును, ప్రక్కటెముకల నడిమి కండరములును బిగిసి లోని గాలిని నొక్కును. అంతట ద్వారము తటాలున తెరచుకొనగా, గాలి విసురుగా వెడలి అడ్డమును బయటికి త్రోయును. ఇదియే దగ్గు.

తుమ్మునకు వార్త ముక్కులోని పొరనుండి 5వ కపాలనాడి ద్వారా ఆ కాండమునకే చేరును. దగ్గును మనము కోరి దగ్గగలము, కొంత ఆపుకొనగలము. తుమ్మును మాత్రము కోరినపుడు తెచ్చుకొనజాలము.

కావున పొలమారిన బిడ్డ గట్టిగా దగ్గుచున్నంతవరకు దగ్గనీయవలెను. కానరాని వస్తువుకై నోట వ్రేలుపెట్టి వెదకరాదు. దగ్గును, మాటయు రాక ఊపిరాడనిచో, ఏడాది దాటిన బిడ్డను ముందునకు వంచి, రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో 5 మారులు గట్టిగా చరచవలెను. వెంటనే వైద్యసహాయమునకై కబురంపవలెను. ముక్కు, నోరు బిగించి తుమ్మును అణచుట కంఠమునకు హాని. మోచేతి మడతలో తుమ్మ నేర్పుట మేలు.

మరియొక సంగతి. కోడీన్ వంటి దగ్గుమందులు మజ్జాముఖముననే పనిచేసి ఆ కావలిని మందగింపజేయును. శ్వాసను నడపు కణములును అచటనే యున్నవి గనుక, పసివారికి శ్వాసయే మందగింపవచ్చును. 2 ఏండ్లలోపు వారికి దగ్గు, జలుబు మందులు ఈయరాదనియు, 5 ఏండ్లలోపు వారికి సాధారణముగా తగవనియు కేంద్రప్రభుత్వ ఆరోగ్యసేవల శాఖ 2025 అక్టోబరులో తెలిపినది. ఇంట మిగిలిన సీసామందును పెద్దపిల్లకు ఇచ్చితిమి గదాయని చిన్నదానికి పోయరాదు. దగ్గు 2 వారములు మించినను, జ్వరము లేకయే అకస్మాత్తుగా మొదలై విడువకున్నను వైద్యునకు చూపవలయును.

పొలమారినపుడు తలచుకొన్నవారిని తలచుటలో దోషము లేదు. కాని బిడ్డను మాత్రము దగ్గనిండు.