ఈసీజీలో తేడా ఉంటే గుండెకు ముప్పేనా?

ఈసీజీ కాగితం చేతికి రాగానే చాలామంది కళ్లు దాని పైభాగంలో మెషీన్ అచ్చువేసిన మాట మీదే పడతాయి. ‘అబ్‌నార్మల్’ అని ఉంటే కొందరు బెంబేలెత్తిపోతారు. ‘నార్మల్’ అని ఉంటే ఇంకొందరు నొప్పిని కూడా లెక్కచేయరు. రెండూ నష్టమే.

అపోహ: గుండె లయ ఎగుడుదిగుడుగా ఉంటే జబ్బున్నట్టే.

వాస్తవం: పిల్లల్లో, యువతలో ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకోవడం సహజం. దీన్ని సైనస్ అరిథ్మియా అంటారు. ఇందులో నిటారుగా లేచే ప్రతి క్యూఆర్ఎస్ గీతకూ ముందు ఒకే ఆకారంలో చిన్న పీ తరంగం ఉంటుంది. మందులు అక్కర్లేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ జబ్బులో మాత్రం పీ తరంగాలే కనిపించవు, క్యూఆర్ఎస్‌ల మధ్య ఎడం ఒక తీరుగా ఉండదు. దీనివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది. చికిత్స తప్పనిసరి.

అపోహ: మధ్యలో ఒక స్పందన తప్పితే గుండె ఆగిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు అక్కడ స్పందన తప్పదు. ఒకటి ముందుగా వచ్చేసి, తర్వాత కాసేపు విరామం వస్తుంది. గుండె నిర్మాణం బాగున్నవారిలో ఇవి అప్పుడప్పుడు వస్తే సాధారణంగా హాని ఉండదు. మరీ తరచుగా వస్తుంటే ఎకో పరీక్ష చేయించాలి. మామూలుగా క్యూఆర్ఎస్ వెడల్పు ఈసీజీ కాగితం మీద 3 చిన్న గడులు దాటదు. అంతకన్నా వెడల్పైనవి వరసగా, వేగంగా వస్తుంటే వెంట్రిక్యులర్ టాకీకార్డియా అనే లయ జబ్బు కావచ్చు. అది అత్యవసర పరిస్థితి.

అపోహ: నాడి నిమిషానికి 60 కంటే తగ్గితే పేస్‌మేకర్ పెట్టాల్సిందే.

వాస్తవం: క్రీడాకారుల్లో విశ్రాంతి వేళ 40లలో ఉన్నా మామూలే కావచ్చు. అయితే పీ తరంగాలకూ క్యూఆర్ఎస్‌లకూ పొంతన లేకుండా దేని దారి దానిదైతే అది పూర్తి హార్ట్ బ్లాక్. అప్పుడు పేస్‌మేకర్ అవసరం పడొచ్చు.

అపోహ: ఈసీజీ నార్మల్‌ అయితే ఇక ఢోకా లేదు.

వాస్తవం: మామూలు ఈసీజీ చూపేది సుమారు 10 సెకన్ల గుండె పనినే. వచ్చిపోయే దడను పట్టుకోవాలంటే 24 గంటలో, అంతకన్నా ఎక్కువసేపో గుండె లయను నమోదుచేసే హోల్టర్ పరికరం పెట్టాలి. గుండెపోటులోనూ తొలి ఈసీజీ నార్మల్‌గా రావచ్చు. అందుకే ఛాతీనొప్పి ఉంటే ఈసీజీ మళ్లీ తీసి, ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా చేస్తారు.

పరుగెడుతూ స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా డాక్టరుకు తప్పక చెప్పండి. లాంగ్ క్యూటీ, బ్రుగాడా లాంటి పుట్టుకతో వచ్చే గుండె లయ లోపాలను అనుమానించడానికి ఆ ఒక్క మాటే ఆధారం కావచ్చు. పాత ఈసీజీలను పారేయకండి. కొత్తగా వచ్చిన మార్పేదో వాటితో పోల్చి చూస్తేనే తేలుతుంది.