చక్రానికి చోటు: ఆఫ్‌సెట్ లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల వడ్రంగులు కుండ, ఆకులు, పూటీలు కూర్చి ఎద్దుబండి చక్రాన్ని చేస్తూ వచ్చారు. ఆ చక్రంపై కప్పు ఏదీ ఉండదు. అది రెండంగుళాలు వెలుపలికి ఉన్నా దేనికీ ఒరుసుకోదు. నేలకు దగ్గరగా నడిచే స్పోర్ట్స్ కారు సంగతి వేరు. వెలుపల మడ్‌గార్డు అంచు, లోపల స్ప్రింగు, షాక్ అబ్జార్బరు. ఈ రెంటి నడుమ గల ఇరుకు చోటులోనే చక్రం తిరగాలి.

మడ్‌గార్డు అంచు, చక్రపు వెలుపలి ముఖం ఒకే నిలువు వరుసలో ఉంటే కారు నిండుగా కనబడుతుంది. దీనినే ‘ఫ్లష్ ఫిట్’ అంటారు. ఈ అమరికను నిర్ణయించే కొలత ఆఫ్‌సెట్. చక్రపు వెడల్పుకు సరిగ్గా మధ్యగా ఒక గీత ఊహించండి. చక్రం హబ్బుకు ఆనే ముఖం ఆ గీత నుండి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉన్నదో అదే ఆఫ్‌సెట్. ఆ ముఖం వెలుపలి వైపున ఉంటే ధనాత్మకం, లోపలి వైపున ఉంటే ఋణాత్మకం. చక్రంపై ‘ఈ.టీ. 45’ అని ఉంటే ధనాత్మకంగా 45 మిల్లీమీటర్లని అర్థం. ఈ.టీ. అన్నది జర్మన్ పదానికి పొడి రూపం. ఆఫ్‌సెట్ తగ్గినకొద్దీ చక్రం వెలుపలికి, పెరిగినకొద్దీ లోపలికి జరుగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కారుకు 7 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ గల చక్రాలున్నవనుకొనండి. తూనికగుండు కట్టిన దారాన్ని మడ్‌గార్డు అంచు నుండి వేలాడదీసి కొలిస్తే, చక్రానికీ దారానికీ నడుమ 20 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నది. యజమాని 8 అంగుళాల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ గల చక్రాన్ని కోరుకున్నాడు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు; పెరిగిన వెడల్పులో సగం, అనగా 12.7, ఒక్కొక్క వైపునకు చేరుతుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గినందున వెలుపలికి మొత్తం 22.7 జరుగుతుంది. ఖాళీ 20 మాత్రమే గనుక చక్రం 2.7 మిల్లీమీటర్లు పొడుచుకొని వస్తుంది.

అదే వెడల్పులో 40 ఆఫ్‌సెట్ ఎంచుకుంటే వెలుపలికి 17.7 జరిగి, 2.3 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. కంటికి ఇదే ఫ్లష్. కాని లోపలి వైపున చక్రం 7.7 జరిగింది. అక్కడ షాక్ అబ్జార్బరుకు తగినంత ఎడం ఉన్నదా లేదా అని కొలవకుండా కొనరాదు. టైరు ప్రక్కల ఉబ్బును కూడా విడిగా కొలవాలి. బోల్టుల వలయం, మధ్య రంధ్రం హబ్బుకు సరిపోకపోతే ఎంత మంచి ఆఫ్‌సెట్ అయినా వ్యర్థమే.

నిలిచి ఉన్న కారులో కుదిరిన కొలత నడిచే కారులో కుదురుతుందని నమ్మరాదు. నలుగురు కూర్చున్న కారు జడ్చర్ల దగ్గరో, చిట్యాల దగ్గరో జాతీయ రహదారి దిగి ఊరి బాటలో స్పీడ్‌బ్రేకరు దాటినప్పుడు స్ప్రింగులు అణగి, మడ్‌గార్డు టైరు మీదికి దిగుతుంది. ముందు చక్రాలు పూర్తిగా తిరిగినప్పుడు మరో మూల తగులుతుంది. అందుచేత బరువు వేసి, స్టీరింగును ఇరువైపులా చివరివరకు త్రిప్పి పరీక్షించాలి. ఒరుసుకొనే టైరు ప్రక్కభాగం కోసుకొనిపోయి వేగంలో పగిలే ప్రమాదముంది.

ఒరుసుకోకపోయినా మరొక చిక్కున్నది. చక్రం వెలుపలికి పోయినకొద్దీ బరువు తులాదండం వలె బేరింగుపై ఎక్కువ ఒత్తిడి తెస్తుంది. స్టీరింగు నడక మారి, బ్రేకు వేసినప్పుడు ప్రక్కకు లాగవచ్చు. స్పేసరు పెట్టడమంటే దాని మందమంత ఆఫ్‌సెట్ తగ్గించడమే. పైగా బోల్టుల పట్టు తగ్గకుండా చూసుకోవాలి.

చట్టం మాట కూడా మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదంటున్నది. కనుక తయారీదారు పుస్తకంలో అనుమతించిన కొలతల లోపలనే ఎంపిక సాగాలి.

ఫ్లష్ అమరిక అందమైనదే. అయితే దానిని దుకాణం ముందు నిలబడి కంటితో నిర్ణయించరాదు. ఒక దారం, ఒక స్కేలు, కూడిక, తీసివేత చాలు. హైస్కూలు గణితం వచ్చిన విద్యార్థి ఎవరైనా ఈ లెక్క కట్టగలడు. కట్టి చూసిన పిమ్మటే డబ్బు చెల్లించవలెను.